రోజూ బీచ్ రోడ్డులో నడిచే అలవాటుతో సియాటిల్ దగ్గరి గ్రానైట్ మౌంటెన్ ఎక్కగలనా?

ప్రశ్న: నా వయసు 51. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాను. రోజూ ఉదయం బీచ్ రోడ్డులో ఐదు కిలోమీటర్లు నడుస్తాను. జూలైలో సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. గ్రానైట్ మౌంటెన్ అనే కొండమీద పాతకాలపు ఫైర్ లుకౌట్ (అడవి మంటలను కనిపెట్టే కాపలా గది) ఉందనీ, ఒక్క రోజులో ఎక్కి దిగవచ్చనీ అమ్మాయి అంటోంది. నా నడక అలవాటు దానికి సరిపోతుందా? ఇక్కడే ఉండి ఎలా సిద్ధపడాలి?

జవాబు:

నమస్కారం అండీ. మీ పరిస్థితి దాదాపు నాదే. నేనూ విశాఖవాసినే, సీతమ్మధారలో ఉంటాను. మా అబ్బాయి సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ కొండను 2019లో ఒకసారి, 2023లో మరోసారి ఎక్కాను. మొదటిసారి నాకు 53 ఏళ్లు, రెండోసారి 57. వయసు నాలుగేళ్లు పెరిగాక చేసిన రెండో ప్రయాణమే సుఖంగా సాగింది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చెబితే మీ ప్రశ్నకు జవాబు చెప్పినట్టే. మీ రోజువారీ నడక ఎక్కడానికి చాలావరకు పనికొస్తుంది. దిగడానికి మాత్రం అది సరిపోదు. మీకున్న రెండు నెలల సమయంలో ఎక్కువ భాగం దిగడం నేర్చుకోవడానికే కేటాయించండి.

ముందు కొండ లెక్క చూడండి. గ్రానైట్ మౌంటెన్ శిఖరం సముద్రమట్టానికి 5,629 అడుగులు, అంటే సుమారు 1,716 మీటర్లు. మన అరకు, పాడేరు మన్యంలోని అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు 1,700 మీటర్లకు కాస్త లోపు ఉంటాయి కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అంత ఎత్తులో ఊపిరి అందదేమోనని భయపడవలసిన పని లేదు. చూసుకోవలసినది కాళ్లు ఎక్కే ఎత్తు. రానూపోనూ 8.6 మైళ్లు, దాదాపు 14 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఆ ఏడు కిలోమీటర్లలోనే 3,800 అడుగులు, అంటే సుమారు 1,160 మీటర్లు ఎక్కుతారు. సింహాచలంలో తొలిపావంచా నుంచి అప్పన్న గుడి వరకు మెట్లదారిలో ఎక్కే ఎత్తు ఉజ్జాయింపుగా 200 మీటర్లు అనుకుంటే, మధ్యలో ఎక్కడా దిగకుండా ఆ మెట్లన్నీ వరుసగా ఐదారుసార్లు ఎక్కి, ఆ తరువాత అంతా ఒకే ఊపున దిగినంత శ్రమ అది.

దారి స్వభావం కూడా తెలిసి ఉంటే మంచిది. సియాటిల్ నుంచి ఐ-90 రహదారిలో తూర్పుగా స్నోక్వాల్మీ కనుమ వైపు వెళ్తూ 47వ ఎగ్జిట్ దగ్గర దిగాలి. మొదటి మైలు ప్రాట్ లేక్‌కు వెళ్లే బాటతో కలిసి, పెద్ద పెద్ద చెట్ల నీడలో మెల్లగా పైకి సాగుతుంది. ఈ మాత్రానికేనా ఇంత చెప్పారు అనిపిస్తుంది. చీలిక దగ్గర కుడివైపు తిరిగాక మొదలవుతుంది అసలు ఎక్కుడు. అక్కడి నుంచి మైలుకు దాదాపు 900 అడుగుల చొప్పున లేస్తుంది. వేళ్లు పైకి తేలిన నేల, మోకాలెత్తు రాళ్లు, వంకరలు తిరిగే ఇరుకు బాట. ఆపైన చెట్లు పలచబడి, గడ్డీ పొదలూ నిండిన బట్టబయలు వాలు వస్తుంది. ఆ వాలు దక్షిణ ముఖంగా ఉండడంతో పొద్దెక్కాక ఎండ నేరుగా వీపుమీద పడుతుంది. చివర్లో పెద్ద బండరాళ్ల గుట్ట, దానిమీద లుకౌట్.

2019లో మేము చేసిన మొదటి పొరపాటు ఆలస్యంగా బయలుదేరడం. ఇంట్లో అందరూ టిఫిన్లు తిని, సరదాగా కార్లో కూర్చునేసరికి తొమ్మిది దాటింది. కొండ మొదట్లో అడుగు పెట్టేసరికి పదిన్నర. ఒంటిగంట ఎండలో నేను సరిగ్గా ఆ బట్టబయలు వాలుమీద ఉన్నాను. ఒక్కొక్కరం లీటరున్నర నీళ్లు తీసుకెళ్లాం, అవి శిఖరం చేరేసరికే అయిపోయాయి. సియాటిల్ అంటే చల్లటి ఊరనే నమ్మకంతో మనవాళ్లు నీళ్లూ టోపీ తేలిగ్గా తీసుకుంటారు. 2021 జూన్ 28న అదే సియాటిల్‌లో 108 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 42 డిగ్రీల సెల్సియస్ నమోదయింది. మామూలు వేసవి రోజు అంత వేడిగా ఉండదు, కానీ మన ఎండకు లేని గుణం ఒకటి అక్కడి ఎండకు ఉంది. విశాఖ ఉక్కపోతలో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. చెమట ఎంత పోతోందో ఒంటికే తెలుస్తుంది, దాహం వేస్తుంది, తాగుతాం. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియకుండా ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా ఉంది కదా అనుకుంటూనే శరీరం ఎండిపోతుంది. అందుకే దాహం కోసం ఎదురుచూడకుండా అరగంటకొకసారి గడియారం చూసుకుని తాగాలి. మనిషికి మూడు లీటర్లు తప్పనిసరి. కింది భాగంలో చిన్న వాగులు తగులుతాయి, కానీ వడపోయకుండా ఆ నీళ్లు తాగకండి. పైభాగంలో నీళ్లు దొరుకుతాయని నమ్ముకోకండి.

ఇంత జరిగినా ఎక్కడం పూర్తిచేశాను; నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. నన్ను పడగొట్టింది దిగుడు. ఒక మైలు దిగేసరికి తొడల ముందు కండరాలు వణకడం మొదలుపెట్టాయి. ప్రతి రాతిమీద నుంచి కాలు దించేటప్పుడు మోకాలు ఆగవలసిన చోట ఆగకుండా ముందుకు జారిపోయేది. బూట్లలో వేళ్లు ముందుకు గుద్దుకుని రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. వెనుక నుంచి దిగుతున్న ఒక అపరిచితురాలు నా అవస్థ చూసి తన చేతికర్రల్లో ఒకటి ఇచ్చి, కింద కారు దగ్గర తిరిగి తీసుకున్నారు. ఆ కర్రే లేకపోతే ఆ రోజు ఎక్కడో ఒకచోట పడి ఉండేవాణ్ణి. దిగడానికి కూడా నాలుగు గంటలు పట్టింది. తరువాత మూడు రోజులు అబ్బాయి ఇంట్లో మేడమెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని దిగాను.

అయితే నేను ఆ ప్రయాణానికి సిద్ధపడకుండా వెళ్లలేదు. వెళ్లేముందు ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం సింహాచలం మెట్లు ఎక్కాను. మరి తప్పెక్కడ జరిగింది? ఇంటికి తిరిగొచ్చాక ఆలోచిస్తే తట్టింది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సుమారు వెయ్యి మెట్లు ఎక్కి, అప్పన్న దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుని, తిరుగు ప్రయాణానికి హాయిగా కొండమీద బస్సెక్కేవాణ్ణి. మనలో చాలామంది చేసేది అదే. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా దిగలేదు.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది, అలసట ఊపిరిలో తెలుస్తుంది. దిగేటప్పుడు అదే కండరం మన బరువును ఆపుతూ, సాగుతూ పని చేస్తుంది; సాగుతున్నప్పుడు బరువు మోసే కండరపు పోగుల్లో సూక్ష్మంగా దెబ్బతగులుతుంది. ఆయాసం ఉండదు కాబట్టి ఆ సంగతి అప్పటికప్పుడు తెలియదు. నొప్పి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది. మన అదృష్టం ఏమిటంటే, ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం తరువాతిసారి అదే పనికి అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. చదునుగా ఉండే బీచ్ రోడ్డులో ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఈ రక్షణ రాదు.

అందుకే 2023లో నా సాధన తలకిందులు చేశాను. మొదటి రెండు వారాలు మెట్లు ఎక్కి, బస్సు జోలికి పోకుండా మెట్లమీదుగానే దిగాను. మొదటి ఆదివారం తరువాత సోమ, మంగళవారాలు నడవడమే కష్టమైంది; రెండో వారానికి ఆ నొప్పి సగమైంది, నాలుగో వారానికి లేనేలేదు. మూడో వారం నుంచి ఒకే ఉదయం రెండుసార్లు, చివరికి మూడుసార్లు ఎక్కి దిగాను. ఒక సంగతి గమనించండి. అవి భక్తులు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసే మెట్లు. వాటిమీద బూట్లు వేసుకుని సాధన చేయడం నాకు మనస్కరించలేదు. అక్కడ ఉత్తకాళ్లతోనే నడిచాను, దానివల్ల పాదాలూ చీలమండలూ గట్టిపడ్డాయి కూడా. బూట్లతో, సంచితో చేయవలసిన సాధనకు వారం మధ్యలో కైలాసగిరి వెళ్లేవాణ్ణి. వీపు సంచిలో మొదట రెండు లీటర్ల నీళ్ల సీసాలు, తరువాత నాలుగు. మే, జూన్ నెలల్లో మన దగ్గర ఏడు దాటితే కొండమీద ఉండలేం కాబట్టి ఐదున్నరకే మొదలుపెట్టండి. మోకాళ్ల నొప్పులో, బీపీయో, గుండె సమస్యో ఉంటే ఇదంతా మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి.

దిగే పద్ధతి కూడా సాధన చేయవలసిందే. మోకాలు బిగదీసి, మడమను గట్టిగా మోపితే ఆ దెబ్బ నేరుగా కీలుకు తగులుతుంది. మోకాలు కొద్దిగా వంచి, అడుగు పొట్టిగా వేసి, పాదం చప్పుడు కాకుండా ఆనించాలి. చప్పుడు వినిపిస్తోందంటే బరువు ఆపడం మానేసి పడేస్తున్నారని గుర్తు. చేతికర్రలు రెండు కొనుక్కోండి, దిగేటప్పుడు కాస్త పొడుగు పెంచుకోండి. బూట్లు వేలెడు ఖాళీ ఉండే కొలతవి తీసుకుని, దిగేముందు లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టుకుంటే గోళ్లు దక్కుతాయి.

తిండి విషయం పెద్దగా చెప్పవలసింది లేదు. చింతపండు పులిహోర, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు మాకు సరిపోయాయి. ఉప్పు, కారం, తీపి మూడూ ఉండాలి. కారు నిలపడానికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, అది మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. శని, ఆదివారాల్లో కార్లు నిలిపే చోటు త్వరగా నిండిపోతుంది కాబట్టి ఉదయం ఏడుకల్లా అక్కడ ఉండండి. జూలైలో తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుందని ధీమా పడకండి. ఫలానా గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. మేము రెండోసారి పన్నెండున్నర అనుకున్నాం, పదకొండుకే చేరాం.

మీ ప్రయాణం జూన్‌కు మారితే మాత్రం ఒక హెచ్చరిక. ఆ దారి మంచుచరియలు జారే గాడిని దాటుతుంది. వసంతం చివరిదాకా అక్కడ మంచు నిలిచి ఉంటుంది, ఆ చరియల కింద ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మంచు కరిగిందని తాజాగా వెళ్లొచ్చినవాళ్లు చెప్పేదాకా ఆగండి. ఆగస్టు, సెప్టెంబరు నెలలైతే చుట్టుపక్కల అడవులు తగలబడి పొగ కమ్మే రోజులుంటాయి, ఆ ఉదయం గాలి నాణ్యత చూసుకుని బయలుదేరాలి.

ఇక లుకౌట్ గురించి కొంచెం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆ చివరి బండరాళ్లు ఎక్కే ఓపిక నాకు దానివల్లే వచ్చింది. చూడగానే మన పొలాల్లో కాపలా మంచె గుర్తొస్తుంది. కాళ్లమీద నిలబెట్టిన చెక్క గది, నాలుగు వైపులా కిటికీలే. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో దాదాపు 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయిన తరువాత, పొగ లేచిన వెంటనే కనిపెట్టాలని అమెరికా అటవీశాఖ శిఖరాలమీద ఇలాంటి మంచెలు పెద్ద ఎత్తున కట్టించింది. గ్రానైట్ మౌంటెన్‌మీద 1920లలోనే కాపలా ఉండేది. ఇప్పుడున్న గది 1950లలో కట్టినది. మామూలుగా తాళం వేసి ఉంటుంది, వేసవిలో కొన్ని రోజులు స్వచ్ఛంద సేవకులు ఉంటారు. మేము రెండోసారి వెళ్లిన రోజు ఒక పెద్దాయన ఉండి లోపలికి రమ్మన్నారు.

గది మధ్యలో ఆస్బార్న్ ఫైర్ ఫైండర్ అనే పరికరం ఉంది. విలియం ఆస్బార్న్ అనే అటవీశాఖ ఉద్యోగి దాన్ని రూపొందించారు. తిరగలి అంత పళ్లెంలో ఆ చుట్టుపక్కల అడవి పటం, దాని చుట్టూ డిగ్రీలు చెక్కిన లోహపు వలయం. వలయానికి ఒక పక్క సన్నని చీలిక, ఎదుటి పక్క నిలువుగా బిగించిన వెంట్రుకంత దారం. ఆయన నన్ను చీలికలోంచి చూస్తూ వలయం తిప్పమన్నారు. దక్షిణాన తెల్లగా నిలబడ్డ మౌంట్ రెయినియర్ శిఖరం సరిగ్గా దారం వెనక్కి వచ్చేదాకా తిప్పి, అంకె చదివాను. ఒక మంచె నుంచి దిక్కు మాత్రమే తెలుస్తుంది; మరో కొండమీది మంచె నుంచి కూడా అంకె అందితే, పటంమీద ఆ రెండు గీతలు కలిసిన చోటే మంట. మన తూర్పు కనుమల్లో వేసవి మంటల జాడను ఇప్పుడు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో గుర్తించి అటవీ సిబ్బంది ఫోన్లకు పంపుతోంది. అక్కడ మాత్రం ఒక మనిషి వేసవి అంతా ఒంటరిగా కూర్చుని ఆ చీలికలోంచి చూసేవాడు.

ఆ రోజు దిగడానికి మూడు గంటల పది నిమిషాలు పట్టింది, మర్నాడు మేడమెట్లు మామూలుగా దిగాను.

మీరు విమానం ఎక్కే వారంలో పెద్ద సాధన పెట్టుకోకండి. ఆఖరి పెద్ద దిగుడు కొండ ఎక్కబోయే రోజుకు పది రోజుల ముందు ముగిసేలా చూసుకోండి. ఆ రక్షణ అప్పటికి నిలిచే ఉంటుంది, కాళ్లకు విశ్రాంతీ దొరుకుతుంది. సియాటిల్ చేరాక నిద్ర వేళలు కుదురుకోవడానికి కనీసం నాలుగైదు రోజులు ఆగి, ఆ తరువాతే వెళ్లండి.