మోకీలు మార్పిడి తర్వాత బీపీ పడిపోతే రక్తం ఎక్కించాల్సిందేనా?

మీ నాన్నగారికి మోకీలు మార్పిడి జరిగిన మర్నాడు బీపీ 90/60కి దిగిందని, రక్తం ఎక్కించమని ఎంత అడిగినా వైద్యులు ఆగుదామంటున్నారని రాశారు. నాలుగేళ్ల కిందట నేనూ ఇదే గాభరాతో ఆసుపత్రి సిబ్బందితో గొడవపడ్డవాణ్ణే.

మా అమ్మకు అప్పుడు 72 ఏళ్లు. మర్నాడు ఉదయం ఫిజియోథెరపిస్టు వాకర్ ఇచ్చి నిలబెట్టగానే ఆమె ముఖం పాలిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి, "కళ్లు చీకట్లు కమ్ముతున్నాయిరా" అంటూ మంచం మీదికి ఒరిగిపోయింది. బీపీ 86/50. అప్పటికే గాయం నుంచి కారే రక్తం చేరే డ్రెయిన్ సీసాలోని ఎరుపు చూసి హడలిపోయి ఉన్న నేను, వెంటనే రక్తం తెప్పించమని కేకలు వేశాను. డ్యూటీ డాక్టరు మాత్రం ఆమె కాళ్లు ఎత్తి పెట్టించి, సెలైన్ వేగం పెంచి, రక్తపరీక్షకు పంపి, ఆ తర్వాత తాపీగా ఉదయం ఏ మాత్రలు వేశారని అడిగారు. ఏళ్లుగా అలవాటైన టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్రను నా చేత్తోనే ఇచ్చాను. ఆపమని ఎవరైనా ఒక్క ముక్క చెబితే కదా! ఇంటినుంచి ఏమేం తీసుకురావాలో రెండు పేజీల జాబితా ఇచ్చినవారు, ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో ఒక్క వాక్యం రాయలేకపోయారు.

ఆపరేషన్‌కు ముందు 12.1 ఉన్న హిమోగ్లోబిన్ 9.4కి తగ్గినట్టు తేలింది. గంటన్నరలో బీపీ 110 దాటింది, రక్తం అవసరమే రాలేదు.

బీపీ తగ్గడానికి రక్తస్రావం ఒక్కటే కారణం కాదు: ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మందులు, మత్తు ప్రభావం, బీపీ మాత్ర, ఏదైనా కావచ్చు. సాధారణంగా హిమోగ్లోబిన్ 8 కంటే దిగినప్పుడో, సెలైన్ ఎక్కించినా నాడి వేగం తగ్గకుండా ఆయాసమో, ఛాతీనొప్పో ఉన్నప్పుడో రక్తం గురించి ఆలోచిస్తారు. గుండెజబ్బు ఉన్నవారి విషయంలో మరింత ముందే జాగ్రత్తపడతారు. నన్నడిగితే అసలు పోరాటం ఆపరేషన్‌కు ముందే జరగాలి. రక్తహీనతతో బల్లెక్కినవారికే రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎక్కువగా వస్తుంది. అందుకే రెండో మోకాలికి ముందు అమ్మకు ఐరన్ లోపం సరిచేయించాం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇస్తారా అని నేనే అడిగాను.

మీరు ఇప్పుడు డాక్టరుగారిని అడగవలసింది రక్తం సీసా గురించి కాదు. ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ ఎంత, ఇవాళ ఎంత, ఉదయం బీపీ మాత్ర వేశారా అని అడగండి. రెండు మూడు రోజుల దాకా హిమోగ్లోబిన్ ఇంకా తగ్గవచ్చు కనుక, మళ్లీ పరీక్ష ఎప్పుడో కూడా కనుక్కోండి.