ఐదు నెలల సంపాదన, పన్నెండు నెలల ఇల్లు

ప్రశ్న: మాది తాడిపత్రి, వయసు 30. పద్యనాటకాలు ఆడతాను, పెళ్లిళ్లలో మిమిక్రీ, హాస్య ప్రదర్శనలు ఇస్తాను. మాఘం నుంచి ఐదు నెలలు నెలకు 38,000 రూపాయలు వస్తాయి, తక్కిన ఏడు నెలలు 8,000 మించదు. ఇంటి ఖర్చు 14,000. చేతిలో ఏమీ నిలవడం లేదు. అమ్మ నగలు కుదువపెట్టి, 3 లక్షలతో సొంత నాటక సమాజం పెట్టవచ్చా? జీవితాంతం రంగస్థలం మీదే బతకగలనా?

జవాబు: మీ ఏడాది ఆదాయం 2,46,000 రూపాయలు. ఇంటి ఖర్చుతో పాటు ప్రయాణాలకు, దుస్తులకు, మేకప్‌కు నెలకు 2,000 తీసేసినా 54,000 మిగలాలి. మిగలడం లేదంటే, ఐదు నెలల రాబడిని మీరు ఆ ఐదు నెలల డబ్బుగానే చూస్తున్నారన్నమాట. వర్షాధారంగా వేరుశనగ వేసే మన రైతు విత్తనపు కాయలను ముందే పక్కన పెట్టుకుంటాడు. మీ లెక్క కూడా అలాగే సాగాలి. పారితోషికమంతా ఒక ఖాతాలో పడనిచ్చి, ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి 14,000 మాత్రమే ఇంటి ఖాతాకు మార్చండి. వైశాఖంలో ఖాతా నిండుగా కనిపించినా, అందులో 56,000 రాబోయే ఏడు నెలల లోటుకు (16,000 ఖర్చులో 8,000 రాబడి పోగా నెలకు 8,000) చెందినదే. మిగులుతో మొదట ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 84,000, కూడబెట్టండి. గొంతు పాడైతే మీకు సెలవు జీతం ఇచ్చేవారు ఎవరూ లేరు కదా.

నగల జోలికి మాత్రం వెళ్లవద్దు. తెరలు, లైట్లు, మైకు సెట్టు ఏడు నెలలు మూలన ఉంటాయి, వడ్డీ పన్నెండు నెలలూ నడుస్తుంది. ప్రస్తుతానికి అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

మీ ఊళ్లోనే 1880లో పుట్టిన బళ్లారి రాఘవ న్యాయవాద వృత్తి చేస్తూనే నాటకాలాడారు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వారికైతే కుటుంబమే సమాజం. మీకు ఆ రెండూ లేవు కనుక, ప్రదర్శనలు తగ్గిన నెలల్లో పాఠశాలల్లో వాచికం, ఏకపాత్రాభినయం నేర్పే పని వెతకండి. నెలకు 5,000 వచ్చినా మీ లోటు 8,000 నుంచి 3,000కు దిగుతుంది. దీన్ని రంగస్థలాన్ని వదిలిపెట్టడంగా నేను చూడను.

మీరు ఆదాయపు పన్ను చెల్లించేవారు కాకపోతే, అటల్ పెన్షన్ యోజనలో 30 ఏళ్ల వయసులో నెలకు 577 రూపాయల చొప్పున మొదలుపెడితే 60 తర్వాత నెలకు 5,000 పెన్షన్ వస్తుంది. ఆరు నెలలకోసారి కట్టే వీలు కూడా ఉంది కాబట్టి మీలాంటి రాబడికి సరిపోతుంది. అర్ధరాత్రి నాటకం ముగించుకుని బండి మీద తిరిగి వస్తుంటారు కనుక, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజనలో ఈ వారమే చేరండి. ఇక నోటిమాట ఒప్పందాలు మాని, సగం బయానా ముందుగానే బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. రేపు మీరు రుణం అడిగినప్పుడు బ్యాంకు మేనేజరు చూసేది ఆ ఖాతా పుస్తకాన్నే.