బెల్టు ఎందుకు ఎగురుతోంది?

ప్రశ్న: టామియా టీటీ-02 రిమోట్ కంట్రోల్ కారుతో (కడ్డీ లాంటి షాఫ్టుతో చక్రాలు తిప్పేది) నేర్చుకుని, పోటీల కోసం రెండు పళ్ల బెల్టులతో చక్రాలు తిప్పే టూరింగ్ కారు కొన్నాను. ముందు స్పూల్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పేది), వెనుక గేర్ డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది). గట్టిగా బ్రేకు వేస్తే ముందు నుంచి టకటకమంటోంది. కారణమేంటి?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: బెల్టు వదులైంది, దాని పళ్లు పుల్లీ (బెల్టు పట్టుకునే పళ్ల చక్రం) మీద ఎగురుతున్నాయి. స్పూల్ ఉంటే ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించినట్టే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకొస్తుంది, ఆ లాగుడంతా ముందు బెల్టు మీదే పడుతుంది.

బల్క్‌హెడ్‌లో (ఇరుసును మోసే దిమ్మ) బేరింగును పట్టుకున్న ప్లాస్టిక్ రింగులు చూడండి. వాటి రంధ్రం సరిగ్గా నడుమ ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. రింగును తిప్పితే ఇరుసు జరిగి బెల్టు బిగుస్తుంది. ఒక్క గాడి చాలు, కానీ రెండు వైపులా సమానంగా తిప్పాలి. లేదంటే పుల్లీ వంకరై బెల్టు అంచు అరిగిపోతుంది. తర్వాత పినియన్‌ను (మోటారుకున్న చిన్న గేరు) స్పర్ (అది తిప్పే పెద్ద గేరు) నుంచి విడదీసి చక్రం చేత్తో తిప్పండి. బరువుగా తిరిగితే బిగువు ఎక్కువైనట్టే, మోటారు వేడెక్కుతుంది.

వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లంలో ప్రాక్టీస్ చేస్తే ఇసుక రేణువులు బెల్టు పళ్లలో ఇరుక్కుంటాయి. టీటీ-02లో గేర్లు మూసి ఉంటాయి, ఇక్కడ అంతా బయటే. పొడి బ్రష్‌తో దులపండి. నూనె మాత్రం వద్దు, దుమ్మును పట్టేస్తుంది.

మలుపులో స్టీరింగ్ వణికితే అది వేరే సంగతి. స్పూల్‌కు ముందు చక్రాలను తిప్పే షాఫ్టులు రెండు కీళ్లున్న డీసీజే (డబుల్ కార్డన్ జాయింట్) రకమే వేయాలి.

పాత పినియన్ లెక్క ఇక్కడ పనికిరాదు. స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, కారు లోపలి నిష్పత్తితో గుణిస్తే, చక్రం ఒక చుట్టుకు మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. టీటీ-02లో 70/22 × 2.6 = 8.27. లోపలి నిష్పత్తి 1.9 ఉన్న బెల్టు కారులో 96/40 వేస్తే 4.56.