నానోఫోటోనిక్స్‌లో సిద్ధాంత పరిశోధన: ముందు ఒక లెక్క చేసి చూడండి

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. నానో స్థాయిలో కాంతికీ పదార్థానికీ మధ్య జరిగే క్వాంటమ్ చర్యలపై సిద్ధాంతపరంగా పీహెచ్‌డీ చేయాలనుంది. ల్యాబ్ పని నాకు పడదు. ఏం నేర్చుకోవాలి? ఎక్కడ ప్రయత్నించాలి?
– ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ల్యాబ్ పడదు కాబట్టి సిద్ధాంతం అనుకుంటే ఇబ్బంది పడతారు. ఇక్కడ సిద్ధాంతం అంటే కాగితం, కలం మాత్రమే కాదు. కోడ్ రాయడం, ప్రయోగం చేసినవాళ్లు పంపిన గ్రాఫుకు లెక్క కుదర్చడం దాదాపు రోజూ ఉండే పని. అది మీకు నచ్చుతుందో లేదో ఈ సెలవుల్లోనే తేల్చుకోవచ్చు.

ఒక కేవిటీ (కాంతిని బంధించి ఉంచే చిన్న పెట్టె లాంటిది), అందులో రెండే శక్తిస్థాయిలున్న ఒక క్వాంటమ్ డాట్ (అణువులా ప్రవర్తించే నానో స్ఫటికం) తీసుకోండి. ఇది 1963 నాటి జేన్స్-కమింగ్స్ నమూనా. పైథాన్‌లో ఉచితంగా దొరికే క్యూటిప్ లైబ్రరీతో హామిల్టోనియన్ (వ్యవస్థ మొత్తం శక్తిని చెప్పే సూత్రం) రాసి, కాంతి కారిపోవడం వంటి నష్టాలను లిండ్‌బ్లాడ్ సమీకరణంలో (నష్టాలున్న క్వాంటమ్ వ్యవస్థ కాలంతో ఎలా మారుతుందో చెప్పేది) చేర్చి, స్పెక్ట్రమ్ గీయండి. డాట్ నష్టం నామమాత్రమే అనుకుంటే, కప్లింగ్ (డాట్‌కూ కాంతికీ మధ్య బంధం బలం) విలువ కేవిటీ నష్టరేటులో నాలుగో వంతు దాటగానే శక్తిస్థాయిలు చీలతాయి. కానీ కేవిటీ నుంచి వచ్చే కాంతిలో రెండు శిఖరాలు విడిగా కనబడాలంటే ఆ విలువ సుమారు 0.35 వంతు దాటాలి. ఈ తేడా ఎందుకో మీ అంతట మీరు రాబట్టగలిగితే సగం పరీక్ష పాసైనట్టే.

తప్పులు ఎక్కువగా రెండుచోట్ల దొర్లుతాయి. క్యూటిప్‌కు నష్టరేటు వర్గమూలం ఇవ్వాల్సిన చోట రేటునే ఇచ్చేస్తారు. లేదా ఒక పేపర్లోని నష్టరేటు కాంతి శక్తి తగ్గేదా, దాని క్షేత్రం తగ్గేదా అని చూసుకోరు. దాంతో జవాబు రెండు రెట్లు తేడా వస్తుంది. ఇక సైజు సంగతి. 20 ఫోటాన్ స్థాయిలు, ఒక డాట్ అంటే 40 స్థితులు, వ్యవస్థ స్థితిని వర్ణించే పట్టిక అయిన డెన్సిటీ మాట్రిక్స్‌లో 1,600 అంకెలు. రెండు కేవిటీలు, రెండు డాట్లు పెడితే అవే 25.6 లక్షలవుతాయి. అక్కడ యాదృచ్ఛికంగా ఎన్నోసార్లు నడిపి సగటు తీసే మాంటే కార్లో పద్ధతికి మారడం మేలు.

అసలు చిక్కు నానో దగ్గర మొదలవుతుంది. కాంతి బయటికి కారిపోయే కేవిటీల్లో మోడ్ ఘనపరిమాణాన్ని (కాంతి ఎంత చోటులో ఇమిడి ఉందో చెప్పే కొలత) మామూలు సమాకలనితో లెక్కిస్తే, హద్దు దూరం జరిపేకొద్దీ విలువ పెరుగుతూనే పోతుంది. కాబట్టి ఆ ఘనపరిమాణంతో, కేవిటీలో కాంతి వెలువడే వేగం ఎంత పెరుగుతుందో చెప్పే 1946 నాటి పర్సెల్ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. గ్రీన్స్ ఫంక్షన్లు (ఒక బిందువు దగ్గరి మూలం మరోచోట కలిగించే క్షేత్రం), క్వాసీ నార్మల్ మోడ్లు (కారిపోయే కేవిటీల సహజ కంపనాలు) నేర్చుకోండి. మ్యాక్స్‌వెల్ సమీకరణాల సిమ్యులేషన్‌కు మీప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

ప్రవేశాలకు సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ ప్రవేశపరీక్షలు మూడూ రాయండి. 2023లో సవరించిన లెక్క ప్రకారం జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) నెలకు రూ.37,000, ఆపై హెచ్‌ఆర్‌ఏ. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఈ విషయంలో పాత చరిత్రే ఉంది: మీరు గీయబోయే ఆ చీలికను 1984లోనే లెక్కగట్టినవారిలో అప్పట్లో అక్కడి ప్రొఫెసర్ గిరీశ్ అగర్వాల్ ఒకరు. క్వాంటమ్ డాట్లలో అది ప్రయోగంలో కనబడేసరికి 2004 వచ్చింది. బెంగళూరులో ఐఐఎస్‌సీ, రామన్ పరిశోధనా సంస్థ, విదేశాల్లో మాడ్రిడ్, కోపెన్‌హేగన్, ఎర్లాంగెన్ నగరాల్లోని బృందాలను చూడండి.

రూ.6,003.65 కోట్ల జాతీయ క్వాంటమ్ మిషన్‌ను చూసి మాత్రం తొందరపడొద్దు. అందులో కంప్యూటింగ్, కమ్యూనికేషన్, సెన్సింగ్, పదార్థాలు అని నాలుగు దారులున్నాయి. మీరు చేరే బృందం ఏ దారిదో కనుక్కోండి. సిద్ధాంతంలో అధ్యాపక పోస్టులు తక్కువే. అందుకే సిమ్యులేషన్ గట్టిగా రావాలి, ఫోటానిక్ చిప్ డిజైన్ ఉద్యోగాలకూ అదే పనికొస్తుంది.

ప్రొఫెసర్‌కు మెయిల్ పంపేటప్పుడు మార్కుల జాబితా ఒక్కటే పెట్టకండి. ఆయన పేపర్లోని ఒక గ్రాఫును మీ కోడ్‌తో తిరిగి గీసి, ఎక్కడ కుదరలేదో రెండు వాక్యాల్లో రాసి జతచేయండి.