మొదటి లైన్ ఇచ్చిన మాట

తమ్ముడూ,

నువ్వు పంపిన బ్యాకప్ స్క్రిప్ట్ రాత్రి రెండుసార్లు చదివాను. నీ ఉబుంటు లైనక్స్‌లో చక్కగా నడిచేది, మీ ఫ్రెండ్ మ్యాక్‌లో ఎందుకు ఎర్రర్లు కక్కిందని అడిగావు కదా.

ముందు మొదటి లైన్ చూడు, స్క్రిప్ట్‌ను ఏ షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) నడపాలో చెప్పేది అదే. అక్కడ ‘ఎస్‌హెచ్’ అనే సాదా షెల్ పేరు రాసి, కింద దానికి తెలియని, బాష్ అనే పెద్ద షెల్‌లో ఉండే అర్రేలు (విలువల వరుసలు) వాడావు. రోజూ ముందు ‘బాష్’ అని టైప్ చేసి నడుపుతున్నావు కాబట్టి తేడా నీకు కనబడలేదు. నేరుగా నడిపితే నీ ఉబుంటులోనే ఆగిపోతుంది, 2006 నుంచి అక్కడ ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్, దానికి అర్రేలు తెలియవు. మరి బాష్ అనే రాస్తే సరిపోతుందా? మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2 వెర్షన్ దగ్గరే ఉండిపోయింది. నువ్వు వాడిన అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువను వెతికేవి) 2009లో 4.0తో వచ్చాయి.

ఇక సెడ్, ఫైల్‌లో మాటలు మార్చే కమాండ్. ‘మైనస్ ఐ’ పెట్టి ఫైల్‌ను అక్కడికక్కడే మార్చావు. లైనక్స్‌లో అది చాలు. మ్యాక్‌లోని సెడ్ మాత్రం ఆ ఐ తర్వాత బ్యాకప్ ఫైల్‌కు తగిలించే తోక అడుగుతుంది. నువ్వు ఇవ్వలేదు కాబట్టి, నువ్వు రాసిన మార్పునే తోక అనుకుంది. ఆపైన ఉన్న ఫైల్ పేరును కమాండ్‌గా చదివింది. నీ కాన్ఫిగ్ ఫైల్ పేరు ‘సి’తో మొదలవుతుంది, సెడ్‌లో ‘సి’ అనే కమాండ్ ఉంది. ఆ వింత ఎర్రర్ అందుకే. తోకను ఐకి ఆనించి రాస్తే రెండుచోట్లా నడుస్తుంది. నేనైతే టెంపరరీ ఫైల్‌లోకి రాసి, పేరు మారుస్తాను. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణంలో ఆ ‘మైనస్ ఐ’ ఆప్షనే లేదు.

ఇచ్చిన మాటను రాసిపెట్టే ఎకో కమాండ్‌ను కూడా నమ్మకు. ఒకసారి మా డేటాబేస్ పాస్‌వర్డ్‌లో బ్యాక్‌స్లాష్, పక్కనే ‘టి’ పడ్డాయి. నేను చేత్తో నడిపితే బాష్ ఉన్నదున్నట్టు రాసింది. రాత్రి, టైముకు పనులు నడిపే క్రాన్ దాన్ని నడిపినప్పుడు డ్యాష్ ఆ రెండక్షరాలనూ ట్యాబ్‌గా మార్చేసింది. లాగిన్ ఫెయిల్, బ్యాకప్ లేదు, తెల్లారేదాకా టెన్షన్. అప్పటినుంచి ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ కమాండ్ మాత్రమే వాడుతున్నాను.

స్క్రిప్ట్ అంటే నువ్వు పక్కన లేనప్పుడు, ఎవరి మెషీన్‌లోనో, నీ బదులు పనిచేసేది. వాళ్ల దగ్గర ఏముంటుందో ఆలోచించి రాయి. విండోస్‌లో సేవ్ చేస్తే లైన్ల చివర కంటికి కనబడని అక్షరం చేరుతుంది, మొదటి లైనే చెడిపోతుంది. ఎడిటర్ సెట్టింగ్ చూసుకో. డ్యాష్‌లో నడుపు, స్క్రిప్ట్‌లో తప్పులు వెతికే షెల్‌చెక్ చెప్పిన ప్రతి హెచ్చరికా చదువు.

సరిచేసి మళ్లీ పంపు. నా పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ తరహా సిస్టమ్ ఉంది, అందులో నేను నడిపి చూస్తాను.

అన్నయ్య