ముందు పాప వయసు సరిగ్గా లెక్కపెడదాం

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా పాపకు ఎనిమిది నెలలు. 34 వారాలకే పుట్టింది. బోర్లా పడుతోంది కానీ, కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. ఇదే వయసున్న మా తోడికోడలి బాబు ఇల్లంతా పాకేస్తున్నాడు. అత్తయ్యగారు వాకర్ కొన్నారు. నాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, తణుకు

జవాబు: చూడమ్మా, మీ పాప ఆరు వారాలు ముందే వచ్చేసింది. అవి తీసేస్తే తన వయసు ఆరున్నర నెలలే. రెండేళ్లు నిండేదాకా ఎదుగుదలను ఇలాగే లెక్కపెట్టాలి. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగు నుంచి తొమ్మిది నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆ పిల్లల్లో నూటికి నలుగురైతే మోకాళ్ల మీద పాకనే లేదు.

వాకర్ మాత్రం అటకెక్కించండి. దానివల్ల నడక తొందరగా రాదు, బిడ్డ రెప్పపాటులో మెట్ల దాకా వెళ్లిపోతుంది. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం. అత్తయ్యగారు మురిపెంగా కొన్నారు కాబట్టి, వద్దన్నది నేనేనని చెప్పండి.

చాప పరిచి, పాపను మీ కాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి. ముందు స్టీలు పళ్లెం బోర్లించండి. అరచేత్తో ఒకసారి కొడుతుంది, ఆ చప్పుడుకి ఆగి మీ మొహం చూస్తుంది, మళ్లీ కొడుతుంది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఖరీదైన బొమ్మ వదిలేసి పళ్లెం మీదికే వాలేవాళ్లు ఎంతమందో! రెండ్రోజులాగి పళ్లెం కాస్త పక్కకు జరపండి. ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండోది చాపుతుంది. ఒరిగి, మళ్లీ నిలదొక్కుకోవడంలోనే నడుముకు బలం వస్తుంది. చుట్టూ దిండ్లు బిగించేస్తే ఆ సాధన ఉండదు.

అన్నట్టు, బోర్లా పడినందుకు బొబ్బట్లు చేశారా? ఈ కంగారులో మరిచిపోయి ఉంటే ఇప్పుడు చేయండి.

ఆరు వారాలు తీసేశాక కూడా తొమ్మిది నెలలు నిండి కూర్చోకపోయినా, ఎప్పుడూ ఒక చేతినే వాడుతున్నా, కాళ్లు బిగదీస్తున్నా, పిలిస్తే తిరగకపోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా పుట్టిన తేదీ నుంచి 9 నెలలు నిండగానే, అంటే వచ్చే నెలలోనే వేయించాలి.