పరికరాలు మారుతున్నప్పుడు ల్యాబ్ పరీక్షకు చదువుతున్న అమ్మాయికి

హన్మకొండ

తల్లీ,

పెద్దమ్మ ఆశీస్సులు. సీసీఐఈ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) ల్యాబ్ పరీక్షలో పరికరాలు మారబోతున్నాయని తెలిసినప్పటి నుంచి నీకు చదువు మీద మనసు నిలవడం లేదని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లు చేసినదంతా వృథా అయిందని మాత్రం అనుకోకు. 2014లో ఈ పరీక్ష (అప్పటి పేరు రూటింగ్ అండ్ స్విచింగ్) ఐదో వెర్షన్ వచ్చినప్పుడు ఫ్రేమ్ రిలే అనే పాత లింకు పద్ధతిని సిలబస్‌లోంచి తీసేశారు, అసలు రూటర్ల స్థానంలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ రూటర్లు పెట్టారు. 2020 ఫిబ్రవరి 24న పరీక్ష పేరే ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌గా మారింది. రెండుసార్లూ ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అనే ప్రోటోకాల్స్, అంటే రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు, ఎక్కడికీ పోలేదు. ప్రోటోకాల్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు కొత్త పెట్టెతో పరిచయం చేసుకోవడం ఒక్కటే మిగులుతుంది. కమాండ్ల వరుసను బట్టీ పట్టినవాళ్లు మాత్రం మళ్లీ మొదటికి రావాల్సిందే.

ముందు తేదీ సంగతి తేల్చుకో. పూర్తి నిడివి మాక్ ల్యాబ్‌ను గడువులోపు ముగించి, సరిచూసుకోవడానికి సమయం మిగులుతోందంటే, మార్పుకు ముందే బెంగళూరు వెళ్లి రాసేయి. అలా మిగలడం లేదంటే ఈ రోజే కొత్త జాబితాకు మారిపో. పొద్దున పాత పరికరాల మీద, రాత్రి కొత్తవాటి మీద సాధన చేస్తే రెండూ చేతికి రావు.

ఇంకో మాట. 8 గంటల పరీక్షలో మొదటి 3 గంటలు డిజైన్ విభాగం. అక్కడ ఏ పరికరమూ చేతికివ్వరు; దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్లనివ్వరు. కాబట్టి ఆ భాగానికి నువ్వు చేసిన కృషిని పరికరాల మార్పు తాకనే తాకదు. నీ ఆందోళనంతా మిగిలిన 5 గంటల గురించే.

దానికి ఒక నోటుపుస్తకం పెట్టు. పరీక్షలో వాడే పరికరాలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ల జాబితాను సిస్కోయే ప్రకటిస్తుంది. వాళ్లూ వీళ్లూ చెప్పింది కాదు, దాన్ని ఎదురుగా పెట్టుకుని పాతదానికీ కొత్తదానికీ తేడాలు మాత్రమే రాయి. ఉదాహరణకు పాత స్విచ్ క్యాటలిస్ట్ 3560లో ట్రంక్ (అనేక నెట్‌వర్క్‌లను మోసే ఒకే లింకు) వేయాలంటే ముందు ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ అని చెప్పాలి. అది చెప్పకుండా మోడ్ ట్రంక్ అని కొడితే, ఎన్‌క్యాప్సులేషన్ ఆటోలో ఉండగా కుదరదని తిప్పికొడుతుంది. కొత్త స్విచ్ క్యాటలిస్ట్ 9300లో డాట్1క్యూకి బదులు వాడే పాత పద్ధతి ఐఎస్‌ఎల్ లేదు, అందుకని ఆ ఎన్‌క్యాప్సులేషన్ కమాండూ లేదు. అలవాటు కొద్దీ కొడితే చెల్లని కమాండ్ అంటుంది. పోర్టు పేర్లూ అంతే: 3560లో గిగాబిట్ 0/1, 9300లో గిగాబిట్ 1/0/1. ఇవి పెద్ద ప్రమాదం కాదు, ఎర్రర్ కనిపిస్తుంది, దిద్దుకుంటావు.

ఎర్రర్ చూపించని తేడాలే ప్రాణం తీస్తాయి. 3560లో ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్ (ట్రాఫిక్‌కు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు) ఆన్ చేశావంటే, ట్రస్ట్ (వచ్చిన గుర్తును నమ్మమని చెప్పడం) పెట్టని ప్రతి పోర్టులోనూ లోపలికి వచ్చే ప్యాకెట్ల ప్రాధాన్యపు గుర్తు డీఎస్‌సీపీ సున్నా అయిపోతుంది. 9300 వచ్చిన మార్కింగ్‌ను మామూలుగానే నమ్ముతుంది. ఒకదాని అలవాటుతో రెండోదాని మీద కూర్చుంటే, పింగ్ వెళ్తుంది, రూట్లన్నీ కనిపిస్తాయి, మార్కులు మాత్రం పోతాయి. అందుకే డీఫాల్ట్ విలువల పేజీలను ఎర్ర సిరాతో రాసుకో. ప్రతి మార్పు తర్వాత, ఉన్న స్థితిని చూపే షో కమాండ్‌తో చూసుకునే అలవాటు ఇప్పటి నుంచే చేసుకో.

ఇంట్లో వర్చువల్ ల్యాబ్ నడుపుతున్నావు కదా, దానిలో ఒక మాయ ఉంది. కొన్ని వర్చువల్ సెటప్‌లలో అవతలి పోర్టును షట్‌డౌన్ చేసినా ఇవతలి పోర్టు అప్‌లోనే ఉంటుంది. అప్పుడు ఈథర్‌నెట్ మీద ఓఎస్‌పీఎఫ్ పొరుగు రూటర్ పోయిందని తేలడానికి డెడ్ టైమర్ 40 సెకన్లు గడవాలి. అసలు పరికరాల మధ్య నేరుగా కేబుల్ ఉంటే లింకు పడగానే తెలిసిపోతుంది. కన్వర్జెన్స్ (లింకు పడ్డాక నెట్‌వర్క్ కొత్త దారి చూసుకోవడం) ప్రశ్నలు సాధన చేసేటప్పుడు ఏది ప్రోటోకాల్ స్వభావమో, ఏది ల్యాబ్ లోపమో విడదీసి చూడు.

కంప్యూటర్ విషయం కూడా లెక్క వేసుకో. పాత వర్చువల్ రూటర్ ఐఓఎస్‌వీ 512 ఎంబీ ర్యామ్‌తో నడిచేది. కొత్త వర్చువల్ రూటర్ క్యాటలిస్ట్ 8000వీకి కనీసం 4 జీబీ కావాలి. 10 రూటర్లంటే 40 జీబీ. డబ్బుంటే ర్యామ్ మీద పెట్టు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత స్విచ్ చౌకగా దొరికినా, జాబితాలో లేనిదాన్ని ఇంటికి తేవద్దు. 9300 కొనడం మన వల్ల అయ్యే పని కాదు. ఆఫీసులో ఉంటే అనుమతి తీసుకుని ఖాళీ వేళల్లో దాని మీద కూర్చో.

అసలు పరీక్ష ప్రశ్నలంటూ అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. దొరికితే సర్టిఫికెట్ పోతుంది. దొరకకపోయినా, నెట్‌వర్క్ పడిపోయిన రాత్రి నిన్ను నమ్ముకుని ఫోన్ చేసేవాళ్లకు ఏం చెబుతావు? ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

తేడాల పుస్తకం సగం నిండాక ఒక ఆదివారం హన్మకొండ రా. ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకో. నేను ఒక్కో లింకు తెంపుతాను, నువ్వు కారణం చెప్పాలి.

మీ పెద్దమ్మ